ఈసారి ఉపవాస ప్రార్థన ప్రకటించే ముందు: పాస్టర్లకు, సంఘ పెద్దలకు ఒక బహిరంగ లేఖ

పాస్టర్ గార్లకు, సంఘ పెద్దలకు, స్త్రీల కూడికలు, యవనస్థుల కూడికలు నడిపించే అక్కలకు, అన్నలకు ప్రభువు నామంలో వందనాలు.

నేరుగా విషయానికి వస్తాను. మీరు మళ్ళీ ఉపవాస ప్రార్థన ప్రకటించేటప్పుడు, అదే మైకులో ఇంకో మాట కూడా చెప్పమని అడగడానికి ఈ లేఖ రాస్తున్నాను. "తిండి విషయంలో రోగంతో పోరాడుతున్నవాళ్ళు, దాని నుంచి కోలుకుంటున్నవాళ్ళు ఉపవాసం ఉండకండి. వేళకి తినేసి ప్రార్థనకి రండి. మీరు తినడం వల్ల దేవుని దగ్గర మీకేమీ తక్కువ కాదు." ఇంతే. దీన్ని పక్కకి పిలిచి చెవిలో చెబితే సరిపోదు, అందరూ వినేలా చెప్పాలి. ఎందుకు అందరి ముందే చెప్పాలంటున్నానో వివరించడానికి కాస్త ఎక్కువే రాయాల్సి వస్తోంది. ఓపిగ్గా చదవండి.

తిండితో ఇబ్బంది అనగానే మనకి బాగా ఎక్కువ తినేవాళ్ళు గుర్తొస్తారు. అసలు సంగతి అంతకంటే పెద్దది. కొందరు తినడమే మానేస్తారు. ఎముకలు బయటపడుతున్నా అద్దంలో తమకి తాము లావుగానే కనిపిస్తారు. దీన్ని డాక్టర్లు అనొరెక్సియా నెర్వోసా అంటారు. ఈ పేరు పందొమ్మిదో శతాబ్దం నుంచీ ఉంది. కొందరు ఎవరూ లేనప్పుడు ఆపుకోలేనట్టుగా తినేసి, వెంటనే భయం పట్టుకుని దాన్ని వాంతి చేసుకుంటారు, లేదా మర్నాటి నుంచి కడుపు మాడ్చుకుంటారు. అది బులీమియా. జెరాల్డ్ రసెల్ అనే బ్రిటిష్ సైకియాట్రిస్టు 1979లో దాన్ని విడిగా వర్ణించారు. వాంతులూ పస్తులూ లేకుండా ఇలా ఆపుకోలేక తినడాన్ని బింజ్ ఈటింగ్ అంటారు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో దాన్ని కూడా పూర్తి స్థాయి రోగంగా గుర్తించింది. ఇవి ఆడపిల్లలకే వస్తాయనుకోవడం పొరపాటు. మగపిల్లలకీ వస్తాయి, నడివయసు వాళ్ళకీ వస్తాయి. మనిషిని చూసి రోగం ఉందో లేదో చెప్పలేం. మామూలు బరువుతో, నవ్వుతూ, క్వయర్‌లో ముందు వరసలో నిలబడి పాడే అమ్మాయికీ ఉండొచ్చు. మానసిక రోగాల్లో ఎక్కువగా ప్రాణాలు తీసేవాటిలో అనొరెక్సియా ఒకటి.

ఈ లేఖలో ఎవరి బరువు ఎంతో, ఎవరు ఎంత తిన్నారో నేను రాయను. ఈ రోగం ఉన్నవాళ్ళకి అంకె కనిపిస్తే చాలు, దానితో పోటీ పడతారు. మీరు కూడా సాక్ష్యాలు చెప్పించేటప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి.

నాకు ఈ రోగం ఉంది. ఇప్పుడు చాలావరకు అదుపులో ఉంది. ఇది మొదలైన కాలంలో నేను వెళ్ళే సంఘంలో సుదీర్ఘ ఉపవాస కూడికలు జరిగేవి. మందిరం తలుపు పక్కన గోడకి ఒక చార్టు ఉండేది. ఒకవైపు పేర్లు, ఎదురుగా రోజుల గడులు. పూర్తి ఉపవాసానికి ఎరుపు స్టిక్కరు, ఒక్కపూట ఉపవాసానికి పసుపు. నా వరసంతా ఎరుపే. నేను తినడం మానేసి అప్పటికే చాలా కాలమైందని ఎవరికీ తెలియదు. ఇంట్లో "తిన్నావా?" అని అడిగితే "ఉపవాసం" అనేదాన్ని, ఇక ఎవరూ మాట్లాడేవారు కాదు. ఇంత మంచి చాటు నాకు ఇంకెక్కడ దొరుకుతుంది?

ముగింపు రోజున నన్ను ముందుకు పిలిచి సాక్ష్యం చెప్పమన్నారు. మైకు స్టాండుని రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాను. చూసేవాళ్ళు ఆత్మావేశం అనుకున్నారు. వదిలితే పడిపోతానని పట్టుకున్నాను. వేళ్ళు చల్లగా అయిపోయి గోళ్ళు నీలంగా ఉన్నాయి. "నాకు ఆకలి వేయడం లేదు" అన్నాను. అది నిజమే. "దేవుడు ఆమె ఆకలిని తీసివేశాడు, చప్పట్లతో ప్రభువుని స్తుతిద్దాం" అన్నారు అయ్యగారు. కూడిక అయ్యాక ఒక పెద్దావిడ నా మణికట్టు చుట్టూ తన వేళ్ళు పెట్టి చూసి, "ఎంత తగ్గావమ్మా! దేవునికి మహిమ" అంది. ఆ మాట పట్టుకుని నేను ఇంకా ఎన్నో వారాలు తినకుండా ఉండగలిగాను.

ఎవరినీ తప్పుపట్టడానికి ఇది రాయడం లేదని అనను. కొంచెం తప్పుపడుతున్నాను. ఆయనకి తెలియదు, నిజమే. కానీ ఒక యవ్వనస్థురాలు అన్ని రోజులు తినకుండా ఉండి ఆకలే లేదని చెబితే, స్తుతించే ముందు ఒక ప్రశ్నయినా అడగాలి కదా. వంటింట్లో పనిచేసే ఏ అమ్మ అయినా అడిగేది.

ఉపవాసం బైబిల్లో ఉంది కదా అంటారు. ఉంది. ప్రభువు ఉపవాసం ఉన్నాడు, మనమూ ఉంటామన్న భావంతోనే కొండమీది ప్రసంగంలో మాట్లాడాడు. నేను ఉపవాసానికి వ్యతిరేకిని కాను. మా అమ్మ ఇప్పటికీ ఉంటుంది, ఆమె ప్రార్థనలో నేను బతుకుతున్నాను. కానీ ఉపవాసం అంటే మనకి ఇష్టమైన, మనకి మేలైన ఒకదాన్ని కాసేపు పక్కన పెట్టి దేవుని వైపు తిరగడం. అనొరెక్సియా ఉన్న మనిషికి తినకపోవడం త్యాగం అవ్వదు. రోగం పొద్దున లేచింది మొదలు అడుగుతున్నదే అది. ఆ మనిషి దేవుని కోసం నిజంగా ఏదైనా వదులుకోవాలంటే ఆ భయాన్ని వదులుకోవాలి. అంటే కూర్చుని ఒక పూట భోజనం పూర్తిగా తినాలి. నా వరకు చెప్పాలంటే, నేను చేసిన ఏ ఉపవాసంలోనూ అంత కన్నీటి ప్రార్థన లేదు.

బులీమియా, బింజ్ ఈటింగ్ ఉన్నవాళ్ళ సంగతి వేరు. వాళ్ళకి ఉపవాసం ఇంకో రకంగా ఉచ్చు అవుతుంది. దీనికి వాక్యంలోనే ఒక కథ ఉంది. ఉపవాసం మీద నేను విన్న ఏ వర్తమానంలోనూ ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. మొదటి సమూయేలు 14వ అధ్యాయం తీయండి.

ఫిలిష్తీయులతో యుద్ధం జరుగుతోంది. సాయంత్రం అయ్యేలోపు, నేను పగ తీర్చుకునేలోపు భోజనం చేసేవాడు శాపగ్రస్తుడు అని ఇశ్రాయేలు రాజు సౌలు జనం చేత ఒట్టు పెట్టించాడు. దేవుడు ఆ ఆజ్ఞ ఇచ్చినట్టు ఎక్కడా రాసి లేదు. అది నాయకుడి సొంత ఆలోచన. జనం అడవిలోకి వచ్చేసరికి నేల మీద తేనె కారుతోంది. ఒట్టుకి భయపడి ఎవరూ చెయ్యి నోటి దగ్గరికి తీసుకెళ్ళలేదు. సౌలు కొడుకు యోనాతానుకి ఒట్టు సంగతి తెలియదు. చేతికర్ర కొన తేనెపట్టులో ముంచి నోట్లో పెట్టుకున్నాడు. అతని కళ్ళు ప్రకాశించాయని రాసి ఉంది. జనం మాత్రం అలసి సొమ్మసిల్లారు. విషయం తెలిశాక యోనాతాను అన్న మాట వినండి: మా నాన్న జనాన్ని కష్టపెట్టాడు, కాస్త తేనె రుచి చూస్తే నా కళ్ళు ఎంత తేటపడ్డాయో చూడండి, జనం ఇవాళ బాగా తిని ఉంటే గెలుపు ఇంకా పెద్దదయ్యేది కదా అన్నాడు.

అక్కడితో ఆగితే కథ సగమే. సాయంత్రం ఒట్టు గడువు తీరగానే ఏం జరిగింది? జనం దోపుడు సొమ్ము మీద పడ్డారు. గొర్రెలని, ఎడ్లని, దూడలని నేల మీదే వధించి రక్తంతోనే తిన్నారు. ధర్మశాస్త్రం ఖండితంగా వద్దన్న పని అది. పొద్దంతా ఒట్టుకి భయపడి తేనె చుక్క ముట్టని మనుషులే వాళ్ళు. అప్పుడు సౌలు ఏమన్నాడు? మీరు ద్రోహం చేశారని జనాన్ని నిందించాడు. వాళ్ళని ఆ స్థితికి తెచ్చింది ఎవరో ఆయనకి తట్టలేదు. పైగా ఆ తర్వాత చీట్లు వేయించి, తేనె తిన్నందుకు సొంత కొడుకునే చంపడానికి సిద్ధపడ్డాడు. జనం అడ్డుపడి యోనాతానుని కాపాడుకున్నారు.

పొద్దంతా కట్టడి, చీకటి పడగానే అదుపు తప్పిన తిండి, ఆ పైన పాపివన్న నింద. బులీమియా ఉన్న విశ్వాసి జీవితంలో ఒక రోజు అచ్చం ఇలాగే నడుస్తుంది. ఉపవాస కూడికల కాలంలో అది వారాల తరబడి నడుస్తుంది. రాత్రి కూడిక ముగించుకుని ఇంటికెళ్ళి, లైటు వేయకుండా వంటింట్లో నిలబడి తిన్నవాళ్ళు మీ సంఘంలో ఉన్నారు. మర్నాడు వాళ్ళు ఇంకా కఠినమైన ఉపవాసానికి పేరు ఇస్తారు, పశ్చాత్తాపం అనుకుని. మీరూ పశ్చాత్తాపమే అనుకుంటారు.

ఇది ఆశానిగ్రహం లేకపోవడం వల్ల జరుగుతుందని ఎవరైనా అంటే, వాళ్ళకి రెండో ప్రపంచ యుద్ధం చివర్లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో జరిగిన ఒక ప్రయోగం గురించి చెప్పండి. యూరప్‌లో ఆకలితో అలమటిస్తున్నవాళ్ళకి ఎలా తిండి పెట్టి కోలుకునేలా చెయ్యాలో తెలుసుకోవడానికి 1944-45లో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త దాన్ని నడిపారు. అందులో పాల్గొన్న 36 మంది యువకులు మనస్సాక్షి ఒప్పుకోక ఆయుధం పట్టడానికి నిరాకరించినవాళ్ళు. పలువురు క్వేకర్, మెన్నొనైట్, బ్రెదరెన్ సంఘాల బిడ్డలు. ఆకలిగొన్నవాళ్ళకి మేలు జరుగుతుందని తమంతట తాము ముందుకొచ్చారు. ఒంట్లోనూ మనసులోనూ ఆరోగ్యంగా ఉన్నారని పరీక్షించాకే తీసుకున్నారు. అంటే విశ్వాసం, నిగ్రహం, మంచి ఉద్దేశం అన్నీ ఉన్నవాళ్ళు.

24 వారాల పాటు వాళ్ళకి మామూలుగా తినేదాంట్లో దాదాపు సగమే పెట్టారు. పూర్తిగా పస్తు పెట్టలేదు, గమనించండి. కొన్ని వారాలకే వాళ్ళ మనసంతా తిండి ఆక్రమించింది. కలల్లో తిండి, మాటల్లో తిండి. అప్పటిదాకా వంటింటి వైపు చూడని మగపిల్లలు వంటల పుస్తకాలు పోగుచేసుకున్నారు. పళ్ళేలు నాకారు. ఒక్కో పూట భోజనాన్ని చాలాసేపు సాగదీసి తిన్నారు. చిరాకు, దిగులు పెరిగాయి, తోటివాళ్ళతో మాటలు తగ్గాయి. కొందరు నియమం తప్పి దొంగచాటుగా తిని, తర్వాత కుమిలిపోయారు. ప్రయోగం ముగిశాక తిండి మీద కట్టడి తీసేస్తే, కొందరు ఒళ్ళు పాడయ్యేంత తిని కూడా ఇంకా ఆకలిగానే ఉందన్నారు. మామూలుగా తినగలగడానికి కొందరికి నెలలు పట్టింది. వాళ్ళలో ఎవరికీ దయ్యం పట్టలేదు. ప్రార్థనా జీవితం చల్లారినందుకూ కాదు. ఆకలితో మాడిన మెదడు అలాగే పనిచేస్తుంది.

ఇది తెలిసినప్పుడు నేను చాలాసేపు ఏడ్చాను. అన్నేళ్ళుగా శోధన అనుకుని ఒప్పుకుంటూ వచ్చిన వాటిలో సగం ఆ జాబితాలో ఉన్నాయి.

"తిండిబోతుతనం పాపం కాదా?" అని అడిగేవాళ్ళకి ఒక మాట. పాపమే. కానీ మన మందిరాల్లో దాని మీద వచ్చే వర్తమానం ఎలా ఉంటుందో మీకూ తెలుసు. "వాళ్ళ కడుపే వాళ్ళ దేవుడు" అన్న పౌలు మాట చదివి, కాస్త ఒళ్ళు చేసిన ఒక సహోదరుడి వైపు చూసి జోకు వేస్తారు. అందరూ నవ్వుతారు, ఆయనా నవ్వుతాడు. రెండు వరసల వెనక కూర్చున్న పదిహేనేళ్ళ పిల్ల నవ్వదు, లెక్క వేసుకుంటుంది. లావుగా ఉండటమే పాపానికి రుజువు, సన్నబడటమే పరిశుద్ధతకి గుర్తు అని ఆ రోజు ఆమె నేర్చుకుంటుంది. మందిరం గుమ్మం దగ్గర షేక్‌హ్యాండ్ ఇస్తూ "లావయ్యావేంటమ్మా" అనడం కూడా ఇదే పాఠం. దేహం దేవుని ఆలయం అన్న వచనాన్ని డైటింగ్ మీద వాడతారు. కొరింథీయులకి పౌలు ఆ మాట రాసింది వ్యభిచారం గురించి. తిండి గురించి ఆయన అదే పత్రికలో రెండు అధ్యాయాల తర్వాత సూటిగానే చెప్పాడు: తినకపోతే మనకి తక్కువ లేదు, తింటే ఎక్కువ లేదు. ఆ వచనం నేను ఏ మందిరం గోడ మీదా చూడలేదు.

ఇంకో సంగతి. సువార్తల్లో తిండిబోతు అని పేరు పెట్టించుకున్నది ఎవరో గుర్తుందా? మన ప్రభువే. సుంకరులతో, పాపులతో కూర్చుని తిన్నందుకు ఆయన్ని అలా అన్నారు. చనిపోయిన యాయీరు కూతుర్ని లేపాక అక్కడున్నవాళ్ళంతా ఆశ్చర్యపోతుంటే, ఆ పిల్లకి తినడానికి ఏదైనా పెట్టమని చెప్పింది ఆయనొక్కడే.

సంఘ చరిత్రలో ఈ గొడవ కొత్తదేమీ కాదు. నాలుగో శతాబ్దంలో ఇప్పటి టర్కీలో ఉన్న గంగ్రా పట్టణంలో బిషప్పులు సమావేశమై కొన్ని నియమాలు రాశారు. అప్పట్లో ఒక వర్గం వాళ్ళు అతి వైరాగ్యంలో పడి, తినేవాళ్ళని చిన్నచూపు చూస్తున్నారు. ప్రభువు పునరుత్థాన దినమైన ఆదివారం నాడు వైరాగ్యం పేరుతో ఉపవాసం ఉండేవాణ్ణి సంఘం వెలివేయాలని ఆ బిషప్పులు తేల్చారు. ఐదో శతాబ్దానికి చెందిన జాన్ కాసియన్, ఎడారి సన్యాసుల దగ్గర తాను విన్నవి రాస్తూ, తిండిబోతుతనానికి లొంగని సన్యాసులు అతి ఉపవాసం వల్ల కూలిపోవడం చూశామని, రెండు అతులూ చివరికి ఒకే చోటికి తీసుకెళ్తాయని ఒక పెద్దాయన చెప్పినట్టు రాశాడు. వైరాగ్యంలో మనల్ని తలదన్నినవాళ్ళు అన్న మాట అది.

సియెన్నా కేథరిన్ పేరు మీలో కొందరు వినే ఉంటారు. మనలో చాలామందికి పునీతుల సంగతి పట్టదు, అయినా ఈమె సంగతి వినండి. 1347లో పుట్టి 1380లో, 33 ఏళ్ళకే చనిపోయింది. రాజులకి, పోపులకి సలహాలు రాసిన మనిషి. చిన్నతనం నుంచీ కఠోర ఉపవాసాలు చేసి, చివరికి తినాలన్నా తినలేని స్థితికి వచ్చింది. ఆత్మీయ తండ్రి తినమని చెప్పినా ఒంటికి పట్టలేదు. అందరిలా తినగలిగే కృప ఇమ్మని దేవుణ్ణి వేడుకుంటున్నానని ఆమె ఒక లేఖలో రాసింది. ఆరు వందల ఏళ్ళ కిందటి మనిషికి ఈనాటి రోగం పేరు పెట్టొచ్చా అని చరిత్రకారులు వాదించుకుంటారు. ఆ వాదన వాళ్ళకి వదిలేస్తాను. నన్ను పట్టుకున్నది ఆ ప్రార్థన. చుట్టూ ఉన్నవాళ్ళు ఆమె తినకపోవడాన్ని అద్భుతంగా చెప్పుకుంటుంటే, ఆమె మాత్రం తినే కృప కోసం ప్రార్థించింది.

ఏలీయా కథలో దేవుడు ఏం చేశాడో మీరు ఎన్నిసార్లు బోధించి ఉంటారో. బదరీ చెట్టు కింద పడుకుని, ఇక చాలు, నా ప్రాణం తీసుకో అన్న మనిషికి దేవుడు మొదట వర్తమానం పంపలేదు. దూత వచ్చి తట్టి తినమన్నాడు. తిని పడుకున్నాడు. దూత రెండోసారి వచ్చి మళ్ళీ తినమన్నాడు. హోరేబు కొండ, మెల్లని స్వరం, కొత్త పని, ఇవన్నీ తర్వాత. ఆ నలభై రోజుల ప్రయాణం గురించే మనం మాట్లాడతాం కానీ, దానికి ముందు రెండుసార్లు భోజనం ఉంది.

ప్రభు బల్ల గురించి ఒక మాట చెప్పకపోతే ఈ లేఖ పూర్తి కాదు. ముందు రాత్రి అదుపు తప్పి తిని వాంతి చేసుకున్న మనిషి ఆదివారం బల్ల దగ్గరికి రాదు. అయోగ్యంగా తింటే శిక్షావిధి అని మీరు చదువుతారు, ఆమె చేతిలో పాటల పుస్తకం మూసి బయటికి వెళ్ళిపోతుంది. కొరింథులో పౌలు ఎవరిని గద్దించాడో ఒకసారి వివరించండి. ఉన్నవాళ్ళు ముందే కడుపునిండా తినేసి, లేనివాళ్ళని ఆకలితో నిలబెట్టి సిగ్గుపరిచినందుకు గద్దించాడు. రోగంతో పోరాడి ఓడిన మనిషిని బల్ల నుంచి తరమడానికి రాసింది కాదది. ఇంకొందరు ఆ చిన్న రొట్టె ముక్కకే భయపడతారు. నాలుక మీద పెట్టుకుని మింగలేక నిలబడతారు. అలాంటివాళ్ళు మీ కంటపడితే తొందరపెట్టకండి, కారణం అడగొద్దు, కాస్త ఆగండి చాలు.

ఇక చెయ్యాల్సిన పనుల సంగతి. ఆ చార్టులు, చేతులెత్తించడాలు, "ఎవరెవరు పూర్తి ఉపవాసం?" అని లెక్కలు తీయడాలు మానేయండి. ఉపవాసం రహస్యమందున్న తండ్రికి తెలిస్తే చాలని చెప్పింది నేను కాదు. ప్రకటన చేసేటప్పుడు గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఎదిగే పిల్లలు, ఇన్సులిన్ వాడేవాళ్ళు, షుగర్ తగ్గించే మాత్రలు వేసుకునేవాళ్ళు ఉపవాసం ఉండొద్దని చెప్పండి. షుగర్ మందు వేసుకుని తినకపోతే స్పృహ తప్పి పడిపోవచ్చు. అదే వరసలో తిండి రోగాలు ఉన్నవాళ్ళ మాటా చెప్పండి. రోమన్ కాథలిక్ సంఘం ఉపవాస నియమాన్ని 18 ఏళ్ళు నిండినవాళ్ళకి, 59 ఏళ్ళ వరకే పెట్టింది, జబ్బు మనుషులకి మినహాయింపు ఇచ్చింది. కాబట్టి మినహాయింపు ఇవ్వడం లోకంతో రాజీ పడటమేమీ కాదు. బదులుగా ఏం చేయొచ్చో కూడా చెప్పండి. ఫోను మానుకోవచ్చు. యెషయా 58 తీసి, ఆకలిగొన్నవాళ్ళకి భోజనం పెట్టడమే నాకు ఇష్టమైన ఉపవాసం అన్న దేవుని మాట చదివి, ఆ పని వాళ్ళకి అప్పగించవచ్చు.

దీన్ని అందరి ముందూ ఎందుకు చెప్పాలంటే, ఈ రోగం దాక్కుని బతుకుతుంది. మీరు విడిగా పిలిచి చెప్పాలంటే ముందు మీకు తెలియాలి, తెలియనివ్వకుండా ఉండటమే దాని పని. పైగా తల్లిదండ్రులు కూడా వినాలి. కూతురు "ఉపవాసం" అంటే నోరు మూసుకునే తల్లికి, మా అయ్యగారే తినమన్నారు కదా అని అడిగే ధైర్యం వస్తుంది.

ఎవరైనా మీ దగ్గరికి వచ్చి చెప్పుకుంటే మొదట వినండి. మా మాట నమ్మండి. తలమీద చేతులుంచి తిండి దయ్యాన్ని గద్దించవద్దు. "ఇవాళ నా ఎదుటే కడుపునిండా తిను" అని కూర్చోబెట్టనూ వద్దు. చాలాకాలం పస్తున్న ఒంట్లోకి ఒక్కసారిగా ఎక్కువ తిండి వెళ్తే రక్తంలో ఫాస్ఫేటు పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. మళ్ళీ తినడం మొదలుపెట్టడం కూడా డాక్టరు చూస్తుండగా జరగాల్సిన పని. పదేపదే వాంతి చేసుకునేవాళ్ళలో పొటాషియం తగ్గి గుండె లయ తప్పవచ్చు, బయటికి ఏమీ కనిపించకపోవచ్చు. కళ్ళు తిరిగి పడిపోవడం, గుండె దడ, నెలసరి ఆగిపోవడం, చచ్చిపోవాలనిపిస్తోందని అనడం, వీటిలో ఏది విన్నా ప్రార్థన కూడిక అయ్యేదాకా ఆగకండి, ఆ రోజే ఆసుపత్రికి పంపండి. మిగతావాళ్ళని కూడా డాక్టరు దగ్గరికి, మానసిక వైద్యుల దగ్గరికి పంపండి. బులీమియాకి, బింజ్ ఈటింగ్‌కి కౌన్సెలింగ్ పద్ధతులు ఉన్నాయి, పనిచేస్తాయి. టీనేజీ పిల్లలకైతే కొన్నాళ్ళు భోజనం బాధ్యత తల్లిదండ్రులు తీసుకుని పక్కన కూర్చుని తినిపించే చికిత్స ఉంది. అందులో ఆ తల్లిదండ్రులు నలిగిపోతారు. సంఘంగా మీరు నిలబడాల్సింది వాళ్ళ పక్కన కూడా. డాక్టరు దగ్గరికి వెళ్ళడం అవిశ్వాసం అని ఎవరైనా గొణిగితే, ఆ నోరు మూయించడం మీ బాధ్యత. లూకా వైద్యుడని పౌలే రాశాడు.

కుదిరితే పాస్టరమ్మ గారో, సంఘంలో పెద్ద అక్కో ఆ మొదటిసారి డాక్టరు దగ్గరికి తోడు వెళ్ళండి. గది బయట కుర్చీలో కూర్చుని మౌనంగా ప్రార్థన చేసుకోవచ్చు. తర్వాత ఆ అమ్మాయి ఉపవాస కూడికకి టిఫిన్ బాక్సు పట్టుకుని వస్తే, తినడానికి ఒక గది తాళం తీసి ఉంచండి. ఈ రోగం ఉన్నవాళ్ళకి ఒంటరిగా తినడం చాలా కష్టం. మిగతావాళ్ళంతా ఉపవాసం ఉన్న రోజు ఇంకా కష్టం. అందుకని ఆమెతో పాటు కూర్చుని తినడానికి ఒకరు కావాలి. ఆ ఒకరు ఆ రోజు తమ ఉపవాసం మానుకోవాల్సి వస్తుంది. ఎవరు మానుకుంటారో ప్రకటన చేసే ముందే అడిగి పెట్టుకోండి.

ఇట్లు,
మీ సంఘాల్లో ఒక సహోదరి